ఫొటో వెనుక కథ: పిల్లల చేత చెప్పించడం ఎలా?



యెహోషువ గ్రంథం నాలుగవ అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. యిస్రాయేలు ప్రజలు యోర్దాను నదిని దాటారు. దాటిన వెంటనే దేవుడు వారికి ఒక పని అప్పగించాడు. నది నడుమ యాజకులు నిలబడిన చోటునుండి పన్నెండు రాళ్లు, తెగకు ఒకటి చొప్పున, భుజాన పెట్టుకుని వచ్చి ఒడ్డున నిలపాలి. ఎందుకయ్యా అంటే, రాబోయే కాలంలో పిల్లలు ఆ రాళ్లను చూసి ఇవేమిటని తండ్రులను అడుగుతారు, అప్పుడు తండ్రులు ఆ రోజు జరిగిన సంగతి వారికి చెప్పాలి. ఆ రాళ్ల మీద పేరు చెక్కినట్టు గాని, తేదీ వేసినట్టు గాని అక్కడ లేదు. చెప్పే తండ్రి లేకపోతే అవి ఉత్త రాళ్లే.

ఈనాడు మన ఇళ్లలో ఆ రాళ్ల వంటివి ఫొటోలు. జ్ఞానస్నానం నాటివి, ప్రథమ దివ్యసత్ప్రసాదం నాటివి, గుణదల తిరునాళ్లకు వెళ్లినవి, పెళ్లిళ్లవి. వెనుకటి రోజుల్లో ఒక కుటుంబానికి గోడకు వేలాడే ఫొటోలు రెండో మూడో ఉండేవి. వాటి కింద కూర్చుని నాయనమ్మ చెప్పే కథలు మాత్రం రెండు మూడు వందలు ఉండేవి. ఇప్పుడు ఒక్క ఫోనులోనే వేల ఫొటోలు ఉంటున్నాయి. పిల్లవాణ్ణి చూపించమంటే వేలితో తోసుకుంటూ పోతాడు. ఒకచోట ఆపి, ‘ఇది ఎప్పటిది బాబూ, పక్కనున్నది ఎవరు?’ అని అడగండి. ‘ఏమో ఫాదర్, అమ్మకు తెలుసు’ అంటాడు. అమ్మను అడిగితే ఆమెకూ సగమే గుర్తు. రాళ్లు గుట్టలుగా పేరుకున్నాయి, వాటిని చూసి అడిగేవారూ తగ్గారు, చెప్పేవారూ తగ్గారు.

అందుచేత ఈ వారం పాఠం ఉపదేశులకు, పాఠశాల ఉపాధ్యాయులకు, సిస్టర్లకు, తల్లిదండ్రులకు ఉద్దేశించినది. తొమ్మిది పదేళ్లు దాటిన పిల్లల చేత, నాలుగు ఫొటోలు, వారి సొంత గొంతు, రెండు మూడు నిమిషాల సమయం, వీటితో తమ జీవితంలోని ఒక కథను చెప్పించడం ఎలాగన్నది విషయం. ఖర్చు పెద్దగా లేదు. ఇంట్లో ఉన్న ఫోను చాలు. ఓపిక మాత్రం కావాలి.

ఈ పద్ధతి ఎవరో నిన్న కనిపెట్టింది కాదు. 1994లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో జో లాంబర్ట్, డేనా ఆచ్లీ, నీనా ములెన్ అనే కళాకారులు కలిసి ఒక కేంద్రం పెట్టారు. 1998లో అది పక్కనున్న బర్క్లీకి మారింది. సినిమా తీయడం ఎన్నడూ ఎరుగని మామూలు మనుషులను గుండ్రంగా కూర్చోబెట్టి, ఇంట్లోని పాత ఫొటోలు తెప్పించి, ఎవరి కథను వారి గొంతుతోనే కంప్యూటరు మీద కూర్చుకోవడం నేర్పారు. 2001లో బి.బి.సి. వారు డేనియల్ మెడోస్ అనే ఫొటోగ్రాఫరు సాయంతో వేల్సు దేశంలో ‘కాప్చర్ వేల్స్’ పేరున ఇదే పని మొదలుపెట్టి 2008 వరకు నడిపారు. వీళ్లందరికంటే ముందు, రీలు కెమెరాల రోజుల్లోనే, వెండీ ఈవాల్డ్ అనే ఆమె 1975 నుండి కెంటకీ రాష్ట్రపు కొండపల్లెల్లోని బడిపిల్లల చేతికి కెమెరాలిచ్చి, మీ గురించి, మీ ఇంటివారి గురించి, మీకు వచ్చే కలల గురించి ఫొటోలు తీసి చెప్పండి అన్నది. ఆ ఫొటోలు, పిల్లల మాటలు 1985లో పుస్తకంగా వచ్చాయి. తరువాత ఆమె మన గుజరాతు పల్లె పిల్లలతో కూడా పనిచేసింది. ఆ పుస్తకం 1996లో వెలువడింది.

ఇక మన శ్రీసభ సంగతి. 2020 ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవానికి ఫ్రాన్సిస్ పోపుగారు ఇచ్చిన సందేశం పూర్తిగా కథ చెప్పడం గురించే. నిర్గమకాండం పదవ అధ్యాయంలో, దేవుడు చేసిన కార్యాలను కొడుకులకూ మనుమలకూ చెప్పాలన్న మాటను ఆయన దానికి ఆధారంగా తీసుకున్నారు. నేయడానికీ రాతకూ లతీను భాషలో ఒకే ధాతువు ఉన్నదని, మనిషి ఒంటికి బట్ట ఎంత అవసరమో మనసుకు కథ అంత అవసరమని అందులో వివరించారు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం చూసినవారికి ఈ పోలిక వేరే చెప్పనక్కరలేదు. పడుగు ఉంటే సరిపోదు, పేక పడాలి. ఫొటో పడుగు వంటిది. అడ్డంగా పేక వేసేది చెప్పేవాడి మాట.

ఇక్కడ కొంచెం తత్త్వశాస్త్రం మాట్లాడతాను, ఓర్చుకోండి. ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ 1980లో ఫొటోగ్రఫీ మీద ‘కెమెరా లూసిడా’ అనే చిన్న పుస్తకం రాశాడు. తల్లి 1977లో చనిపోయింది. ఆయన పాత ఫొటోలు తిరగేస్తూ ఆమె కోసం వెదికాడు. ఎన్ని చూసినా ఆమె ముఖం కనబడింది గాని ఆమె కనబడలేదు. చివరికి అయిదేళ్ల పసిపిల్లగా ఒక గాజు తోటలో నిలబడిన ఫొటో ఒకటి దొరికింది. అందులో తన తల్లి దొరికిందన్నాడు. దాని గురించి పుటల కొద్దీ రాశాడు. కాని పుస్తకంలో వేరే ఫొటోలు ఎన్నో అచ్చువేసిన మనిషి, దాన్ని మాత్రం వేయలేదు. చూసేవారికి అది ఎవరిదో ఒక పాత ఫొటో తప్ప మరేమీ కాదని ఆయనకు తెలుసు. ఆ ఫొటోను మనం ఎన్నడూ చూడలేదు, అయినా ఆ తల్లి మనకు తెలుసు. కొడుకు చెప్పాడు గనుక.

పిల్లలకు మనం నేర్పవలసిన మొదటి పాఠం ఇదే. ఫొటో ‘ఇది జరిగింది’ అంటుంది, అంతే. జరిగింది తనకు ఏమైందో పిల్లవాడే చెప్పాలి.

అందువల్ల మొదటి రోజు ఫోన్లు బయటకు తీయనివ్వవద్దు. ఫోను చేతిలో ఉంటే పిల్లలు కథ మరచి బొమ్మల అందం వెంట పోతారు, రంగులు మారుస్తారు, పాటలు పెడతారు. చాప పరిచి గుండ్రంగా కూర్చోబెట్టండి. ఎనిమిది మందికి మించితే రెండు గుంపులు చేయండి. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అని అడగవద్దు. ఆ ప్రశ్నకు పెద్దవాళ్లమే జవాబు చెప్పలేం. ‘నువ్వు ఇంట్లోవాళ్లకు చెప్పకుండా దాచుకున్న వస్తువు ఏదైనా ఉందా?’, ‘ఎవరైనా ఊరు విడిచి వెళ్లిన రోజు గుర్తుందా?’, ‘నీకు బాగా భయమేసిన రాత్రి ఏది?’, ‘మొదటిసారి నువ్వొక్కడివే చేసిన పని ఏమిటి?’ ఇలా అడగండి. ఒక రోజు, ఒక సంఘటన చాలు. పునీత అగస్టీను తన ‘కన్ఫెషన్స్’ రెండవ భాగంలో పదహారేళ్ల వయసులో తోటి కుర్రాళ్లతో కలిసి పియర్ పండ్లు దొంగిలించిన సంగతి ఎంత దూరం సాగదీసి చెప్పాడో చూడండి. ఆకలికి కాదు, తిని ఆనందించడానికీ కాదు, ఎక్కువ పందులకు వేశారట. ఇంత చిన్న దొంగతనం పదహారు వందల ఏళ్లుగా జనం చదువుతున్నారు. చిన్న సంగతిని పట్టుకుంటేనే మనిషి లోతు తెలుస్తుంది.

పిల్లవాడు చెబుతున్నప్పుడు ‘ఎందుకు’ అన్న ప్రశ్న తగ్గించండి. ‘ఎందుకు ఏడ్చావు?’ అంటే వాడు మనకు నచ్చే జవాబు వెదుకుతాడు, వెంటనే నీతి వాక్యం మొదలవుతుంది. మన సత్యోపదేశం తరగతుల్లో పెరిగిన పిల్లలకు ఈ అలవాటు మరీ ఎక్కువ, అందులో మన చేయి కూడా ఉంది. దానికి బదులు ‘అప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు?’, ‘ఏ చొక్కా వేసుకున్నావు?’, ‘వంటింట్లో ఏం వాసన వస్తోంది?’, ‘ఆ ఫొటో తీసింది ఎవరు?’, ‘ఆ ఫొటోలో లేనివాళ్లు ఎవరు?’, ‘తీసిన తరువాత ఏమైంది?’ అని అడగండి. చివరి మూడు ప్రశ్నలకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. నవ్వుతున్న ఫొటో తీసిన అయిదు నిమిషాలకే అన్నదమ్ములు కొట్టుకుని ఉండవచ్చు. అసలు కథ అక్కడ ఉంటుంది.

వినడం ఎలాగో ఎమ్మావు దారిలో ప్రభువే చూపించాడు. జరిగినదంతా ఆయనకు తెలుసు, ఆయనకే జరిగింది. అయినా ఆ ఇద్దరు శిష్యులను ఏమి జరిగిందని అడిగి, వారు తెలిసీ తెలియకుండా చెప్పినదంతా చివరిదాకా విన్నాడు. ఆ తరువాతే నోరు విప్పాడు. మనం మాత్రం పిల్లవాడు రెండు వాక్యాలు చెప్పేలోపే ‘అంటే నీ ఉద్దేశం ఇదన్నమాట’ అని అందుకుంటాం.

రెండవ రోజు ఫొటోల పని. ఇక్కడే మన విచారణల్లో ఒక చిక్కు వస్తుంది. పట్నపు పుస్తకాల్లో ‘ఇంటి ఆల్బం తెచ్చుకోండి’ అని రాసి ఉంటుంది. మన హాస్టలు పిల్లల్లో కొందరికి ఆల్బం అనేదే లేదు. తండ్రి ఫొటో అంటే రేషను కార్డు మీదిది, లేదా సమాధి మీద పెట్టడానికి పెద్దది చేయించినది. కొందరికి అదీ లేదు. ఫొటోలున్నవారు ముందు కూర్చుని లేనివారు వెనక నిలబడే తరగతి నడపడం కంటే అసలు నడపకపోవడం మేలు. కనుక మొదటే అందరికీ చెప్పండి: మనిషి ఫొటో అక్కరలేదు. వస్తువును తీయవచ్చు, చోటును తీయవచ్చు. నాన్న పార, అమ్మమ్మ వక్కాకుల సంచి, తాళం పడిన ఇంటి గడప, చెప్పులు లేని చోటు, అన్నీ పనికి వస్తాయి.

ఒక పల్లె విచారణ బడిలో ఏడవ తరగతి చదివే బాలిక చేసిన కథ మీకు చెప్పాలి. తాను మూడవ తరగతిలో ఉండగా తల్లి ఇంటిపనికని కువైట్ వెళ్లింది. తల్లితో కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఆ పాప చెప్పిన కథ ఇంతే. వెళ్లేరోజు తెల్లవారుజామున తల్లి ఆమెకు జడ వేసింది. వదులుగా వచ్చిందని విప్పి మళ్లీ వేసింది. బయట ఆటో హారన్ కొడుతున్నా మళ్లీ వేసింది. ఆ జడను పాప మూడు రోజులు విప్పనివ్వలేదు. నాలుగవ రోజు అమ్మమ్మ తలంటడానికి విప్పితే, రిబ్బను మాత్రం పుస్తకంలో పెట్టుకుంది. ఫొటోలు ఆరు: దువ్వెన, గుమ్మం, రోడ్డు మలుపు, వెనకనుంచి స్నేహితురాలు తీసిన ఆమె జడ, అమ్మమ్మ చేతులు, పుస్తకంలో రిబ్బను. ఎవరి ముఖమూ లేదు. సమయం ఒక నిమిషం నలభై సెకన్లు.

అది చూసిన ఉపాధ్యాయురాలు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చింది. మొదట ఒక విమానం బొమ్మ పెడదాం, చివర తల్లి ప్రేమ గురించి రెండు మాటలు చేర్చుదాం అన్నది. పాప ‘వద్దు టీచర్, నేను విమానం చూడలేదు’ అన్నది. ఆ ఒక్క జవాబులో సాక్ష్యం అంటే ఏమిటో ఉన్నది. చూసినది చెప్పడం, చూడనిది చెప్పకపోవడం. ఆ టీచరు కూడా తెలివైనది కనుక మాట్లాడకుండా ఊరుకుంది.

ఇదే సందర్భంలో ఒక కొత్త ప్రమాదం గురించి హెచ్చరించాలి. ఇప్పుడు ఫోనుకు నాలుగు మాటలు చెబితే లేని ఫొటోను తయారు చేసి ఇచ్చే కృత్రిమ మేధ యాపులు వచ్చాయి. చనిపోయిన తాత ఫొటో ఇస్తే ఆయన కళ్లు ఆర్పి నవ్వినట్టు చేసి చూపిస్తాయి. పిల్లలకు ఇది గారడీలా ముచ్చటగా ఉంటుంది. కథల పుస్తకానికి బొమ్మ వేసుకోవడానికి వాడుకుంటే వాడుకోండి. సొంత కథలో మాత్రం ఒప్పుకోవద్దు. తల్లితో ఫొటో లేని పిల్లకు తల్లి పక్కన నిలబడినట్టు ఒక ఫొటో చేసి ఇవ్వడం జాలిగానే కనిపిస్తుంది. కాని పదేళ్లు పోయాక ఆ పిల్లకు ఏది జరిగిందో ఏది జరగలేదో తెలియకుండా పోతుంది. ముఖం తెల్లగా చేసే యాపులు కూడా ఈ కోవలోనివే. నల్లటి తండ్రిని తెల్లగా చేసి చూపించిన కొడుకు ఏ తండ్రి కథ చెబుతున్నట్టు? దేవుని ఆజ్ఞల్లో ఎనిమిదవది ఇక్కడ కూడా వర్తిస్తుంది.

పని వివరాలు క్లుప్తంగా. కాగితం మీది పాత ఫొటోను ఫోనుతో తీసేటప్పుడు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట బల్ల మీద పెట్టి, ఫ్లాషు ఆపి, ఫోనును దానికి సమానంగా పైన పట్టుకుని తీయాలి. ఆల్బం ప్లాస్టిక్కుకు అతుక్కుపోయిన ఫొటోను ఊడబీకవద్దు, పై పొర లేచిపోతుంది. ఉన్నపళంగా తీసుకోండి. కొత్తగా తీసే ఫొటోలకు పిల్లలకు ఒకే సూత్రం చెప్పండి: దగ్గరికి వెళ్లు. దూరంనుంచి తీసిన పది కంటే దగ్గరనుంచి తీసిన ఒకటి మేలు. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా చేసినప్పుడు ఒక్క ఫొటోను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టింది. ఇప్పుడు ఆ 23 సెకన్లలో మన పిల్లవాడు ఇరవై ఫొటోలు తీస్తాడు. వాటిలో ఏది ఉంచాలో కూర్చుని ఎంచుకోవడమే అసలైన అభ్యాసం. కథకు ఆరు నుంచి పది దాటనివ్వవద్దు. ఎంచుకునేటప్పుడు మాట చెప్పినదే ఫొటో చెబుతోందా అని చూడండి. ‘ఇది మా ఇల్లు’ అని ఇల్లు చూపితే ఒకటి దండగ. ‘ఆ రాత్రి నాన్న రాలేదు’ అంటూ మూత పెట్టిన అన్నం గిన్నె చూపితే రెండూ పని చేస్తాయి.

రాత సంగతి. ముందు నోటితో చెప్పించి, తరువాత రాయించండి. నిదానంగా చదివితే రెండు నిమిషాలకు తెలుగులో సుమారు రెండు వందల మాటలు పడతాయి. అంటే నోటు పుస్తకంలో పేజీన్నర. అంతకు మించితే తగ్గించాలి. తగ్గించే పని పిల్లవాడిదే. మీరు ఎర్ర పెన్ను పట్టుకోవద్దు.

ముఖ్యంగా యాసను దిద్దవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఒక అబ్బాయి తన తాత గురించి ‘మా తాత గుడికి రాళ్లు మోసిండు, భుజం కాయలు కాసింది, ఆ కాయ మీద నేను చెయ్యి పెట్టి పండుకునేటోణ్ణి’ అని చెప్పాడు. దాన్ని ఒక పెద్దమనిషి శుద్ధి చేసి ‘మా తాతగారు దేవాలయ నిర్మాణంలో పాలుపంచుకున్నారు’ అని రాయించాడు. తాత పోయాడు, భుజం పోయింది, కాయ పోయింది. వార్షిక నివేదికలో వాక్యం ఒకటి మిగిలింది. శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళం మాటతో, నల్లగొండ పిల్లవాడు నల్లగొండ మాటతో, కడప పిల్లవాడు కడప మాటతో చెప్పాలి. ప్రభువును పట్టుకున్న రాత్రి పేతురును అతని యాసను బట్టే గలిలీయుడని గుర్తుపట్టారు. అతడు మూడుసార్లు బొంకినా ఆ యాస బొంకలేదు. పరీక్ష పేపరులో శిష్ట భాష నేర్పండి, కాదనను. ఇది పరీక్ష కాదు.

గొంతు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోనుకు కాల్స్ రాకుండా చేసి, దాన్ని మడిచిన దుప్పటి మీద జానెడు దూరంలో ఉంచాలి. పరుపులూ బట్టలూ ఉన్న గది మేలు, ఖాళీ హాలులో గొంతు మారుమోగుతుంది. పిల్లవాడు కాగితం చూసి చదువుతున్నట్టు ఉంటే కాగితం తీసేసి, ఎదురుగా వాడి స్నేహితుణ్ణి కూర్చోబెట్టి వాడికి చెప్పమనండి. మధ్యలో ఆగితే ఆగనివ్వండి. సినిమా పాట వెనక పెట్టాలని అందరూ అడుగుతారు. పాట వేరేవారి సొత్తు అన్నది ఒక కారణం. అంతకంటే, పాట వచ్చిందంటే వినేవాడు పిల్లవాడి దుఃఖం మరచి సినిమాలోని దుఃఖం గుర్తు చేసుకుంటాడు. ఫొటోలకు గొంతును జోడించే యాపులు ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఏడెనిమిది తరగతుల పిల్లలు వాటిని మనకంటే వేగంగా నేర్చుకుంటారు, అక్కడ మీరు కష్టపడనక్కరలేదు.

ఇక అన్నింటికంటే బరువైన విషయం. ఈ కథ ఎవరిది?

పిల్లవాడిది. విచారణది కాదు, బడిది కాదు, మేత్రాసనానిది కాదు. ఇది తేలికగా ఒప్పుకుంటాం గాని, ఆచరణలో తప్పుతాం. కథ బాగా వచ్చిందంటే వెంటనే వాట్సాపు గుంపులో పెడతాం, పండుగనాడు తెర మీద వేస్తాం. దాతలకు పంపడానికి పనికి వస్తుందేమో అని చూసేవారూ ఉన్నారు. పేద పిల్లల చేత కష్టాలు చెప్పించి, కన్నీళ్లు దగ్గరనుంచి ఫొటో తీసి, కవరులో పెట్టి పంపడం మన సంస్థల్లో కొన్నింటికి పాత అలవాటు. ఆ డబ్బుతో మంచి పనులు జరిగి ఉండవచ్చు. అయినా పదేళ్ల పిల్ల తన తల్లి జడ వేసిన సంగతి చెప్పింది హాస్టలు పైకప్పు కోసం కాదు. కలకత్తా సోనాగాచి పిల్లలకు కెమెరాలిచ్చి నేర్పిన వైనంపై తీసిన ‘బార్న్ ఇంటు బ్రాతెల్స్’ చిత్రానికి 2005లో ఆస్కారు బహుమతి వచ్చింది. పిల్లలు తీసిన ఫొటోలు నిజంగా గొప్పవి. ఆ చిత్రంతో పాటు ఆ పిల్లల ముఖాలు, వారి తల్లుల వృత్తి కూడా లోకమంతటికీ తెలిసిపోయాయి. దాని మీద తరువాత ఎన్నో ప్రశ్నలు వచ్చాయి. అవి అడగవలసిన ప్రశ్నలే.

కనుక మొదటే నియమాలు పెట్టుకోండి. కథను మొదట చూసేది ఇంటివారు. ఆ తరువాత ఎవరికి చూపాలన్నది పిల్లవాడిని అడగాలి, తల్లిదండ్రుల చేత కాగితం మీద అనుమతి తీసుకోవాలి. పిల్లవాడు నిన్న సరేనని నేడు వద్దంటే నేటి మాటే చెల్లుతుంది. ఊరు, బడి పేరు, యూనిఫారం, ఇంటి గుర్తులు బయటివారికి చూపే ప్రతిలో ఉండకూడదు. 18 ఏళ్లు నిండని వారి వ్యక్తిగత సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా మనకు మనస్సాక్షి ఉంది. ఫొటోలో ఉన్న మిగతావారి సంగతి కూడా మరువవద్దు. తాగి పడిపోయిన తండ్రి ఫొటో కొడుకు తీసి ఉండవచ్చు, ఆ తండ్రికి కూడా పరువు ఉంది. ఆ కథను మాటలతో చెప్పనివ్వండి, ఫొటో మాత్రం వద్దనండి.

గుండ్రంగా కూర్చున్నప్పుడు ఏదో ఒక పిల్ల మీరు ఊహించని సంగతి చెప్పవచ్చు. ఎవరో కొట్టడం, తాకరానిచోట తాకడం వంటివి. అప్పుడు తరగతి అక్కడ ఆపండి. రికార్డు చేయవద్దు, మిగతా పిల్లల ఎదుట ప్రశ్నలు వేయవద్దు. పక్కకు, కాని పదిమందికి కనబడే చోటికి, ఒక స్త్రీ తోడుగా తీసుకువెళ్లి వినండి. ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వవద్దు, ఇవ్వకూడదు కూడా. లైంగిక నేరాలనుండి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అటువంటి సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి. నేరం చేసినవాడు మనవాడైనా, గుడి పెద్దయినా, అంగీ వేసుకున్నవాడైనా అంతే. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. దాన్ని తరగతి గోడ మీద మొదటి రోజే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

తరగతులు వేసవి సెలవుల్లో పెడితే మంచిది. వారంలో నాలుగు రోజులు, పూటకు రెండు గంటలు చాలు. ఆఖరి రోజు తల్లిదండ్రులను, తాతమ్మలను, ఎవరు రాగలిగితే వారిని పిలిచి, తెర లేకపోతే తెల్ల పంచె కట్టి చూపండి. తల్లి కువైట్‌లో ఉంటే ఆమె సెలవు రోజు ఏదో కనుక్కుని, ముందుగా ఆమెకే పంపండి. చప్పట్లకు, బహుమతులకు తొందరపడవద్దు. మొదటి బహుమతి, రెండవ బహుమతి అసలే వద్దు. ఒక్కో కథ అయ్యాక కాసేపు ఆగితే, ముసలివారిలో ఎవరో ఒకరు ‘ఆ రోజు నేనూ ఉన్నాను’ అని మొదలుపెడతారు. వారు చెప్పడం పూర్తయ్యేదాకా తరువాతి కథ వేయవద్దు.

అందరూ వెళ్లేముందు ఒక పని చేయించండి. ఇళ్లనుంచి తెచ్చిన కాగితపు ఫొటోలను తిరిగి ఇచ్చేటప్పుడు, మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా, వెనుక వైపు పిల్లవాడి చేతనే రాయించండి: ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, తీసింది ఎవరు. బాల్‌పెన్ను వాడితే ముందువైపు గీతలు తేలుతాయి. సంవత్సరం తెలియకపోతే అమ్మమ్మను అడిగి రమ్మనండి.